గడియారాల షాపు ఆసామి

మొదటి ఇంటర్వ్యూలో ఆమెకు "తెలియజేస్తాం" అన్నారు, తెలియజేయలేదు. రెండోది ఒక చిన్న ఆస్పత్రి, అక్కడ మాత్రం కారణం కూడా చెప్పి పంపారు. బల్లకు అవతల కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, సొంత కూతురికి చెప్పినట్టు చెప్పింది.

"బాగా చదువుకున్నావమ్మా. కానీ ఎదుటి మనిషి నోరు తెరిచీ తెరవకముందే నువ్వు మందు చెప్పేస్తున్నావు. ఇలా చెయ్యండి, అలా చెయ్యకండి, పొద్దున్నే కాసేపు నడవండి... దీన్ని కౌన్సెలింగ్ అనరు. ఇది పక్కింటి పిన్నిగారు చేసే పని."

ఆ మాటను ఆమె బస్సులో ఇంటిదాకా మోసుకొచ్చింది. చెప్పులు విప్పకముందే అమ్మ ముందు దించేసింది.

"పక్కింటి పిన్నిగారికేం తక్కువట?" అమ్మకు కోపం వచ్చింది. "నువ్వు సైకాలజీ చదివి ఊడబొడిచేదాకా ఈ మేడలో అందరికీ ఆవిడేగా దిక్కు! వాళ్ళ ఆస్పత్రికి ఆవిణ్ణే పంపిద్దాం, ఏకంగా సూపరింటెండెంట్‌ని చేసుకుంటారు."

నాన్న పేపరు దించకుండానే నవ్వాడు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని షూ లేసులు విప్పుకుంటున్న బాబాయి మాత్రం నవ్వలేదు.

"నీ మాట ఎవరన్నా ఆపేవాళ్ళుండాలే చత్వారం," అన్నాడు. "నాకు వదిలేయ్."

చత్వారం అన్నది ఆమెకు బాబాయి పెట్టిన పేరు. చిన్నప్పుడు ఏ వస్తువు చేతికిచ్చినా ముసలివాళ్ళలా చెయ్యి బారచాపి, దూరంగా పట్టుకుని చూసేదట. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాడి నోట ఇంకే పేరొస్తుంది? తర్వాత ఆమెకు నిజంగానే అద్దాలు వచ్చాయి. వాటిని ఫ్రేములో బిగించిందీ, ముక్కు మీద నిలిచేలా ప్యాడ్లు వంచిందీ ఆయనే. అది మొదలు ఇన్నేళ్ళలో ఆమె కళ్ళజోడు మీద మరొకరి చెయ్యి పడలేదు.

బాబాయి నాన్నకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాడు. అన్నీ నవ్వు తెప్పించేవే కాబట్టి రెండోసారి ఎవరూ అడగలేదు. ఆమె పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. ముందుగదిలో గోడవారగా ఆయన మంచం, మంచం కింద పెట్టె, గుమ్మం పక్కన చేతులున్న చెక్క కుర్చీ. ఇంట్లో ఆయన ఆస్తి అంతే. ఆ కుర్చీలో వేరే ఎవరూ కూర్చునేవారు కాదు. కూర్చోవద్దని ఆయన ఎన్నడూ అనలేదు, అలా అలవాటైపోయింది.

ఈసారి పిలుపు వచ్చింది పెద్ద ఆస్పత్రి నుంచి. సహాయ కౌన్సెలర్ ఉద్యోగం. అంతకుముందు ఏడాది అక్కడ చేరిన సీనియర్ ఒకమ్మాయి ఫోనులో గుట్టు విప్పింది: "ప్రశ్నలు మామూలే. అసలు పరీక్ష నాటకం. ఒక మనిషిని తెచ్చి నీ ఎదురుగా కూర్చోబెడతారు. బాధలో ఉన్నట్టు నటిస్తాడు. నువ్వు వినాలి. సలహా ఇచ్చావా, అయిపోయావన్నమాటే. అతని మాటే అతనికి అద్దంలో చూపించినట్టు తిరిగి చూపించు. ఏం చెయ్యాలో తేల్చుకునేది అతను."

ఆ సంగతి విని బాబాయి అన్నాడు: "అయితే నన్ను కూర్చోబెట్టుకో. బాధపడ్డం పెద్ద విద్యా?"

మర్నాడు షాపు నుంచి వస్తూ ఒక గంట పట్టుకొచ్చాడు. కౌంటరు మీద పెట్టే గంట, పైన బొడిపె నొక్కితే టింగుమంటుంది. లోపల లెన్సులు అరగదీసేవాళ్ళను పిలవడానికి వాడేవారు. యజమాని కొత్తది కొని దీన్ని మూలన పడేశాడట. దాన్ని టీపాయ్ మీద పెట్టి, "నీ నోట్లోంచి సలహా ఊడిపడ్డప్పుడల్లా దీన్ని మోగిస్తా. కుక్కపిల్లలకు నేర్పినట్టు. నీ పుస్తకాల్లో ఉందిగా?" అన్నాడు.

"అది వేరే బాబాయ్."

"అన్నీ ఒకటే. మొదలుపెట్టు."

అలా సాయంత్రాలు మొదలయ్యాయి. బాబాయి షాపు నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, టీ తాగి, కుర్చీని గుమ్మం పక్కనుంచి గది మధ్యకు లాక్కునేవాడు. ఆమె ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకునేది. కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడంటే ఆయన ఇంక బాబాయి కాదు.

మొదటిరోజు వచ్చినాయన సమస్య మంగలి. "ఏళ్ళ తరబడి ఒకడి దగ్గరే జుట్టు కత్తిరించుకుంటున్నానండీ. ఒక్కనాడూ బాగా కత్తిరించలేదు. వేరే షాపుకి వెళ్దామంటే దారి వాడి షాపు ముందునుంచే. చూస్తే ఏమనుకుంటాడు?"

"వెనక వీధిలోంచి వెళ్ళొచ్చు కదండీ?"

టింగ్.

"సారీ. మీకు... అతని మనసు నొప్పించడం ఇష్టం లేదు."

"ఇష్టం లేదండీ. మొన్న చెవి కూడా కోశాడు. థాంక్స్ చెప్పి వచ్చాను."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వకూడదని మళ్ళీ గంట. మరో సాయంత్రం ఆయన తువ్వాలు తలమీద కప్పుకుని ఒక ఇల్లాలై వచ్చాడు. ఆవిడ భర్త పగలంతా కసురుకుంటాడట, నిద్రలో మాత్రం 'దయచేసి కూర్చోండి, మంచినీళ్ళు తీసుకోండి' అంటూ ఎవరినో మర్యాద చేస్తాడట. "ఆ వచ్చేవాళ్ళెవరో నాకు తెలియాలండీ!" అని ఆ ఇల్లాలు కొంగుతో, అంటే తువ్వాలుతో, కళ్ళొత్తుకుంటుంటే వంటింట్లోంచి అమ్మ అరిచింది: "ఆ మొగుణ్ణి ఒకసారి ఇటు పంపించవయ్యా, మీ అన్నయ్యకి నిద్రలో కూడా మర్యాద రాదు!"

గంట మోగడం క్రమంగా తగ్గింది. ఆమెకు లోపల ఏదో సర్దుకుంటున్నట్టుండేది. ఎదుటివాళ్ళ మాట చెవిన పడగానే నాలుక మీదికి దూకే సలహాను పళ్ళ వెనకే ఆపడం ఒంటికి పట్టింది. పిన్నిగారు లోపలికి ఒదిగిపోతోంది. ఆ ఖాళీలోకి ప్రశాంతమైన, మెత్తటి గొంతు ఒకటి వచ్చి కూర్చుంటోంది. అద్దం ముందు ఆ గొంతును తనే విని, ఇది నేనేనా అనుకునేది. కొంచెం గర్వపడేది కూడా.

ఇంటర్వ్యూ సోమవారం. శనివారం సాయంత్రం ఆమె స్టూలు వేసుకుని కూర్చునేసరికి టీపాయ్ మీద గంట లేదు.

"గంటేది బాబాయ్?"

"షాపులో అడిగారు. ఇచ్చేశా."

కానీ చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. కళ్ళజోడు పెట్టుకునే జేబు అది. ఈసారి కళ్ళజోడు చేతిలోనే పట్టుకున్నాడు. ఆమె చూసింది. చూసి, సరే, గంట లేకుండా చెయ్యగలనో లేదో పరీక్ష కాబోలు అనుకుంది.

"నేను గడియారాల షాపులో పనిచేస్తానండీ," అన్నాడు వచ్చినాయన. "చాలా ఏళ్ళుగా."

"చెప్పండి."

"మా యజమాని ఇంకో ఊళ్ళో షాపు తెరుస్తున్నాడు. దూరమే. రైలెక్కితే తెల్లారుతుంది. నువ్వెళ్ళి చూసుకో, నీకంటే నమ్మకస్తుడు నాకెవరున్నారు అంటున్నాడు. సోమవారం పొద్దున్న ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు."

"సోమవారానికల్లా చెప్పాలి."

"ఆఁ. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

ఎందుకు చెప్పలేదని అడగకూడదు. 'ఎందుకు' అనేది వేలెత్తి చూపినట్టుంటుందని పాఠం. ఆమె తల కొంచెం వంచి, "ఇంట్లో చెప్పలేదు," అంది మెల్లగా.

"చెప్తే సంతోషిస్తారేమోనని భయం."

గదిలో ఏదో మారింది. మంగలి దగ్గరా, తువ్వాలు దగ్గరా ఆ గొంతులో ఉండే చిన్న గీర, ఇప్పుడు నవ్వు చూడు అన్నట్టుండే ఆ వంకర, ఈసారి లేదు. ఆయన ఆమె వైపు చూడటం లేదు. కళ్ళజోడు కాడను తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

"నాది అన్నగారిల్లండీ. ఎవరూ ఒక్కమాట అనరు. అంటే, మంచివాళ్ళు. వేళకింత పెడతారు, జ్వరమొస్తే మందిస్తారు. నాకో కుర్చీ ఉంది ఆ ఇంట్లో. నేను వెళ్ళిపోతే కొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది. తర్వాత ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటారు దానిమీద. తప్పేం లేదు, బట్టలు ఎక్కడో అక్కడ పెట్టుకోవాలిగా. పొద్దస్తమానం ఆ ఫ్రేముల మధ్య కూర్చుని ఇదే ఆలోచన... ఫ్రేములు కాదు, అదే, డయళ్ళు. గడియారాలు."

ఆయన గతుక్కుమన్నాడు. ఆ తడబాటు ఆమె చెవిన పడింది. అయినా ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. రాకుండా ఉండటమే ఇన్ని సాయంత్రాల సాధన.

"ఆ కుర్చీ గురించి చెబుతుంటే మీకు చాలా బాధగా ఉంది."

"బాధ అనుకోండి, ఇంకేదన్నా అనుకోండి. నాకేం కావాలో చెప్పనా? ఒక్కరు వద్దు అంటే చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు. 'వద్దు, వెళ్ళకు' అని. పోనీ కసిరినా సరే. ఇంత వయసొచ్చి ఇలా అడగడం సిగ్గుగానే ఉందనుకోండి. మీరైతే ఏమంటారు?"

ఇప్పుడు ఆయన తలెత్తి చూశాడు. కళ్ళజోడు లేని ఆ కళ్ళు చిన్నవిగా, తడిగా, ఎక్కడ ఆనాలో తెలియనట్టు ఉన్నాయి. మైనస్ నంబరు కళ్ళు. ఎదురుగా ఉన్న ఆమె ముఖం ఆయనకు ఒక తెల్లటి మరకలా కనబడుతుంటుంది.

మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. రెండక్షరాల మాట. కానీ దాని వెనకే బల్లకు అవతలి పెద్దావిడ వచ్చింది, పక్కింటి పిన్నిగారు వచ్చింది, బస్సులో ఇంటిదాకా మోసుకొచ్చిన అవమానం వచ్చింది. పైగా ఇంతసేపు ఒక్క తప్పూ దొర్లలేదు. ఇంత బాగా మునుపెన్నడూ కుదరలేదు. ఇంకొక్క వాక్యం, అంతే.

"వెళ్ళాలా వద్దా అన్నది మీ చేతుల్లో ఉందండీ," అంది ఆ మెత్తటి గొంతుతో. "మీ జీవితం గురించి మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా దాన్ని నేను గౌరవిస్తాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. బాబాయి తిరిగొచ్చాడు.

"భేష్," అన్నాడు. "గంట ఉన్నా మోగించే పని ఉండేది కాదే చత్వారం. ఉద్యోగం నీదే."

"నువ్వు కూడా భలే చేశావు బాబాయ్! నిజం మనిషిలాగే ఉన్నావు."

"ఆఁ," అన్నాడు బాబాయి. కుర్చీని మళ్ళీ గుమ్మం పక్కకు లాగి సరిగ్గా పెట్టాడు. అటు జరిపి, ఇటు జరిపి, గోడకు తగలకుండా.

ఆమెకు తెలుసా? ఆ ప్రశ్నను ఆమె తర్వాత చాలాసార్లు వేసుకుంది. తెలుసు అనడం ఎక్కువవుతుంది. తెలియదు అనడం అబద్ధం. మనిషికి తెలియడం, తను తెలుసుకున్నట్టు ఒప్పుకోవడం రెండూ వేరువేరు గదుల్లో జరుగుతాయి. మధ్య తలుపును గడియపెట్టుకోవచ్చు. పరీక్షలో ఈ సంగతి ఆమె మంచి మార్కులకే రాసింది. ఆ సాయంత్రం గడియ పెట్టిన చెయ్యి తనదేనని మాత్రం ఆమెకు నిద్రపోయే ముందు ఒక్క క్షణం తోచింది. ఇంటర్వ్యూ అయిపోనీ, అనుకుంది. సోమవారం సాయంత్రం తీరిగ్గా కూర్చుని అడుగుదాం. సోమవారం పొద్దున్న అని ఆయన చెప్పిన మాట గుర్తు రాలేదా అంటే, అదీ ఆ గడియ అవతలే ఉండిపోయింది.

ఆదివారం బాబాయికి సెలవు. రెండు మూడుసార్లు ఆమె గది గుమ్మం దాకా వచ్చాడు.

"ఇవాళ ప్రాక్టీసు లేదా?"

"లేదు బాబాయ్. ముందురోజు బుర్రకి విశ్రాంతి ఇవ్వాలి."

"అంతేలే. ఇవ్వాలి." నిలబడ్డాడు. గోడ మీద కేలండర్ చూశాడు. "టీ పెట్టనా?"

"ఇప్పుడే తాగాను."

"సరే అయితే," అన్నాడు, అయినా వెంటనే కదల్లేదు. ఆమె పుస్తకంలోంచి తలెత్తి నవ్వింది. చక్కటి నవ్వే నవ్వింది. ఆయన వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న ఆమె కళ్ళజోడు అడిగి తీసుకున్నాడు. చిన్న స్క్రూడ్రైవరు ఆయన కీచైనుకే వేలాడుతూ ఉంటుంది. కాడల మరలు బిగించి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, ఆమె ముఖానికి తనే పెట్టాడు. చెవుల వెనక వేళ్ళతో తడిమి చూశాడు.

"బిగుతుగా ఉందా? వదులు చెయ్యనా, ఇలాగే ఉంచేదా?"

ఆమె ధ్యాసంతా తలలో తిరుగుతున్న జవాబుల మీద ఉంది. "నీ ఇష్టం బాబాయ్," అంది.

ఆస్పత్రిలో నాటకం ఆమె అనుకున్నదానికంటే తేలికైంది. వచ్చిన నటుడు గట్టిగా నిట్టూర్చాడు, చేతులు పిసుక్కున్నాడు, కానీ ఆయన చెప్పిన బాధ ఆయనకే నమ్మకంగా లేదు. ఆమె మెత్తటి గొంతు ఎక్కడా తొణకలేదు. ముగ్గురు చూస్తున్నారు. మధ్యలో కూర్చున్నావిడ పెద్ద డాక్టరు కాబోలు, ముఖంలో మెప్పు దాచుకోలేదు.

"చివరగా ఒకటి," అందావిడ. "సలహా ఇవ్వాలని మీకు బాగా అనిపించి కూడా ఇవ్వకుండా ఆగిన సందర్భం ఏదన్నా ఉందా?"

దీనికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కాలేజీ శిక్షణలో చూసిన, పరీక్ష భయం ఉన్న ఒకమ్మాయి కథ. బాగా నలిగిన, నునుపైన జవాబు. కానీ నోరు తెరిచేసరికి వేరేది వచ్చింది.

"నా దగ్గరికి ఒకాయన వచ్చారు. గడియారాల షాపులో పనిచేస్తారు..."

చెప్పింది. అన్నగారిల్లు, కుర్చీ, ఇస్త్రీ బట్టలు. ఒక్కరు వద్దంటే చాలని ఆయన అడగడం. తను ఏమందో ఆ వాక్యం యథాతథంగా. చెబుతుంటే ఆ గదిలో నిశ్శబ్దం చిక్కబడింది. తన మాట పనిచేస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆ తెలియడంలో ఒక తియ్యదనం ఉంది. తర్వాతి రోజుల్లో ఆమె దేన్నైనా క్షమించుకోగలిగింది కానీ, ఆ తియ్యదనాన్ని క్షమించుకోలేకపోయింది.

"చాలా మంచి సంయమనం," అంది డాక్టరు.

చివర కూర్చున్న సన్నటాయన అప్పటిదాకా నీళ్ళ సీసాకున్న కాగితాన్ని గోటితో ఒలుస్తూ ఉన్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పుడు తలెత్తాడు.

"మరి ఆయన వెళ్ళారా?"

"అండీ?"

"ఆ గడియారాలాయన. వెళ్ళిపోయారా, ఉండిపోయారా?"

"తెలియదండీ."

"అడగలేదా?"

"అడిగితే... నా ఇష్టాన్ని ఆయన మీద రుద్దినట్టు అవుతుందేమోనని."

"అవునవును," అంది డాక్టరు. సన్నటాయన తల ఊపి, మళ్ళీ కాగితం ఒలుచుకోవడంలో పడ్డాడు. ఆయన అడిగినదాంట్లో ఎత్తిపొడుపు లేదు. కథ వింటున్నవాడు తర్వాతేమైందని అడిగినట్టు అడిగాడు, అంతే. కానీ ఆమెలో గడియ ఊడిపడింది.

మెట్లు దిగుతూ బాబాయికి ఫోను చేసింది. ఎత్తలేదు. అరగదీసే చక్రం తిరుగుతుంటే ఆయనకు ఫోను వినబడదు. బస్సు కోసం ఆగలేక ఆటో ఎక్కింది. సిగ్నళ్ళ దగ్గర ఆటో ఆగినప్పుడల్లా ఆమె పెదవులు కదిలాయి. ఇన్నాళ్ళూ ఎన్నో వాక్యాలు వల్లెవేసింది. ఇప్పుడు రెండక్షరాలే వల్లెవేస్తోంది.

షాపులో ఏసీ చలి. గోడల నిండా ఖాళీ ఫ్రేములు వరుసగా, కళ్ళు లేని ముఖాల్లా. కౌంటరు దగ్గర ఒక ముసలాయన చూపు పరీక్షించుకునే అక్షరాల కార్డును పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. యజమాని ఆమెను చూసి చేతులు చాపాడు.

"రామ్మా, రా! స్వీటు పట్టుకొచ్చావా లేదా? మీ బాబాయి నా నెత్తిమీద బరువు దించేశాడు. పొద్దున షట్టరు ఎత్తుతుంటేనే సరేనన్నాడు. అప్పుడే ఆ ఊరికి ఫోను చేసి చెప్పేశా. బోర్డు మీద మేనేజరని రాయిస్తున్నా!"

అద్దాల అడ్డుగోడ వెనక బాబాయి వంగి కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు మీద ఒక కంటికి భూతద్దం, వేళ్ళ మధ్య లెన్సు, చక్రం మీద పడుతున్న సన్నటి నీటి ధార. లెన్సు అంచు తాకినప్పుడల్లా సన్నగా కీచుమంటోంది. తలెత్తి ఆమెను చూశాడు. చక్రం ఆపి, భూతద్దం తీసి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చాడు.

"ఎలా అయిందే?"

"వద్దు బాబాయ్," అంది. "వెళ్ళకు."

ఆ మాట ఆ మెత్తటి గొంతుతో రాలేదు. పక్కింటి పిన్నిగారి గొంతుకంటే బిగ్గరగా వచ్చింది. ముసలాయన అక్షరాల కార్డు దించి చూశాడు.

బాబాయి చాలాసేపు ఆమెను చూశాడు. ఈసారి కళ్ళజోడు ఉంది. స్పష్టంగానే కనబడుతూ ఉండాలి. తర్వాత చెయ్యి జేబులోకి పోనిచ్చి పాత గంటను తీసి కౌంటరు మీద పెట్టాడు. వేలితో బొడిపె నొక్కాడు.

టింగ్.

నవ్వాడు కూడా. మంగలి కథకు నవ్వినట్టే. ఆమె నవ్వలేకపోయింది. ఆ నవ్వు ఆయన ముఖం మీద కాసేపు ఒంటరిగా నిలబడి, తర్వాత తనే దిగిపోయింది.

"మాట ఇచ్చేశానే," అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దున వెళ్దామా మానేద్దామా అని షట్టరు ముందు నిలబడ్డాను చాలాసేపు. నీకు ఫోను చేద్దామనుకున్నా. ఇంటర్వ్యూకి వెళ్ళేదాన్ని, బుర్ర చెడగొట్టడమెందుకని..."

"ఇప్పుడు చెప్పచ్చుగా, వెళ్ళనని? నేను చెప్తాను ఆయనకి."

"ఆ ఊళ్ళో షాపు అద్దెకి కూడా తీసుకున్నారు. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది?" ఆమె ముఖంలోకి చూసి, చెయ్యి చాపి, ముక్కు మీదికి జారిన ఆమె కళ్ళజోడును వేలితో పైకి తోశాడు. "పొద్దున నేను సరిగ్గా బిగించలేదా ఏమిటే? వదులైపోయిందే."

ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయే చెప్పాడు. ఆయన భయపడినట్టే అందరూ సంతోషించారు. "మంచిదేరా, ఇన్నాళ్ళకైనా నీ విలువ తెలిసింది వాళ్ళకి," అన్నాడు నాన్న. అమ్మ అప్పటికప్పుడు లేచి అటక మీంచి మందపాటి దుప్పటి దింపింది, ఆ ఊళ్ళో చలెక్కువట. ఆమె అన్నం కెలుకుతూ బాబాయి ముఖమే చూసింది. ఒక్కొక్క మంచిమాటకూ ఆయన తల ఊపుతున్నాడు. ఎవరో పేర్లు పిలుస్తుంటే తన పేరు కోసం కాచుకున్నవాడిలా, ప్రతి మాట తర్వాతా ఒక్క క్షణం ఆగుతున్నాడు. నాన్నతో చెప్పేద్దామా అనుకుంది. చెబితే బాబాయి శనివారం అడిగింది నలుగురిలో పెట్టినట్టవుతుంది. గుట్టు దాచడం కూడా ఆ వృత్తిలో మొదటి పాఠమే. చెప్పలేదు.

మరుసటి వారం రైలెక్కాడు. స్టేషనులో జోకులు వేశాడు. పెట్టెలో గంట ఉందని, కొత్త షాపులో ఎవరన్నా బేరమాడితే మోగిస్తానని అన్నాడు. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతూ కళ్ళజోడు తీసేశాడు. తుడుచుకోవడానికో, ప్లాట్‌ఫారం మీద ముఖాలు మసకబారితే తేలికని తీశాడో తెలియదు.

ఇంటికొచ్చాక అమ్మ బాబాయి మంచం మీద పక్క దులుపుతూ ఆగింది. "ఒక్కమాట అడగలేదు చూశావా? వెళ్ళనా వదినా అని అడిగితే, వద్దులే బాబూ అనేదాన్ని. తనకే వెళ్ళాలనుంది కాబోలు, మనమెందుకు అడ్డం పడటం అనుకున్నా. మీ నాన్నా అంతే, మొన్నటినుంచీ నిద్రపోతే ఒట్టు." దిండు గలీబు ఊడదీసి, కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఇంటిల్లిపాదీ ఆయన నిర్ణయాన్ని గౌరవించారన్నమాట.

ఉద్యోగం వచ్చింది. బాబాయికి ఫోను చేసి చెబితే, "నేను ముందే చెప్పానా!" అని అరిచాడు, వెనక చక్రం చప్పుడు. ఆదివారాలు ఆయన ఫోను చేస్తాడు. బాగున్నానంటాడు. అక్కడివాళ్ళు మంచివాళ్ళంటాడు, వేళకింత తింటున్నానంటాడు. ఆమెకు ఆ మాటలు ఎక్కడ విన్నానా అనిపిస్తుంది. ఒకసారి ధైర్యం చేసి, "బాబాయ్, ఆ రోజు ఆ గడియారాల షాపు ఆసామి..." అని ఎత్తింది. "ఆయనా? ఆయన సంగతి తేలిపోయిందిగా!" అని, ఆ ఊరి మంగలి గురించి పెద్ద కథ మొదలుపెట్టాడు. నిజంగానే నవ్వొచ్చేలా ఉంది. ఆమె నవ్వింది. ఫోనులో ముఖం కనబడదు కాబట్టి నవ్వు సరిపోయింది.

ఆస్పత్రిలో ఆమె గది చిన్నది. రెండు కుర్చీలు, ఒక బల్ల, మంచినీళ్ళు. వచ్చినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగి, "మీరైతే ఏం చేస్తారమ్మా?" అంటారు. దాదాపు అందరూ అంటారు. ఆమె ఆ వాక్యం చెబుతుంది. అది సరైన వాక్యమే, చాలామందికి మేలు చేసే వాక్యమే. చెప్పేముందు మాత్రం ఎదుటి మనిషి చేతులకేసి చూస్తుంది, దేన్నైనా తెరిచి మూస్తున్నాయేమోనని.

గుమ్మం పక్క కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగానే ఉంది. ఒకరోజు అమ్మ దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టింది. ఆమె విసురుగా తీసి మంచం మీద పడేసింది. "ఏమైందే నీకు?" అంది అమ్మ. మర్నాడు నాన్న చొక్కాలు. అవీ తీసింది. ఆ తర్వాత ఇంట్లో అందరూ దాన్ని తప్పించుకుని నడవడం నేర్చుకున్నారు.

మొన్న సాయంత్రం ఆస్పత్రిలో పని ఎక్కువై బాగా అలసిపోయి వచ్చింది. చెప్పులు విప్పి, లోపలికెళ్ళి, ముఖం కడుక్కుని, టీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చేసరికి కుర్చీలో సంచీ ఉంది. సంచీ మీద మర్నాటికని దారిలో ఇస్త్రీ చేయించుకొచ్చిన బట్టలు, మడత చెదరకుండా. ఎవరు పెట్టారా అని అమ్మను కేకెయ్యబోయింది.

బట్టలు ఆమెవే. పెట్టిందీ ఆమే.